మనుషుల అలికిడికే దాక్కునే పిల్లులు, 12 రోజులు ఊరెళ్ళాలి. ఎవరికి అప్పజెప్పాలి?

పటమట పిల్లులు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మాది విజయవాడ పటమట, అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తు. ఇంట్లో నేనూ, అమ్మా, రెండు పిల్లులూ. బెల్లం మగది, ఐదేళ్ళు, ఆపరేషన్ అయింది, కాస్త లావు. కాటుక ఆడది, మూడేళ్ళు, గుణదల దగ్గర కాలవ గట్టు మీద అరచేతిలో పట్టేంత కూనగా దొరికింది. నా టెన్షన్ అంతా కాటుక గురించే. కాలింగ్ బెల్ మోగితే చాలు, బీరువా వెనక సందులోకి దూరిపోతుంది. వచ్చినవాళ్ళు వెళ్ళిపోయిన గంటకి గానీ బయటికి రాదు. గ్యాస్ సిలిండర్ దొర్లించుకొచ్చే చప్పుడు వినబడిన పూట ఇక తిండి ముట్టదు. బెల్లం అంత కాదు గానీ కాటుక దాక్కుంటే వాడూ మంచం కిందికి పోతాడు.

అమ్మకి కాశీలో తొమ్మిది నిద్రలు చేయాలని ఎన్నేళ్ళ నుంచో కోరిక. ఈసారి కార్తీకంలో టికెట్లు దొరికాయి, ప్రయాణంతో కలిపి 12 రోజులు. దీపావళి వెళ్ళిన మూడో రోజు బయల్దేరాలి. అమ్మని ఒక్కదాన్నే పంపలేను, పిల్లుల్ని వదల్లేను, దసరా అయిన దగ్గర్నుంచి కాలుగాలిన పిల్లిలా నేనే ఇల్లంతా తిరుగుతున్నాను.

నిరుడు అన్నయ్య పెళ్ళికి నాలుగు రోజులు ఊళ్ళోనే పెంపుడు జంతువుల్ని ఉంచుకునే ఒక బోర్డింగ్‌లో పిల్లుల్ని పెట్టాను. ఫోన్ చేసినప్పుడల్లా "బాగానే ఉన్నాయండీ" అన్నారు. తీరా తీసుకురావడానికి వెళ్తే పక్క గదిలో కుక్కలు, కాటుక బోను మూలకి అతుక్కుపోయి ఉంది, గిన్నెలో తిండి పోసింది పోసినట్టే ఉంది. మూడు రోజులు ఏమీ తినలేదని అక్కడ ఊడ్చే అబ్బాయి చెబితే తెలిసింది. ఇంటికొచ్చిన వారానికి తుమ్ములూ, కళ్ళ వెంట నీళ్ళూ మొదలయ్యాయి. బెల్లం ఊరికే ఇసుక డబ్బాలోకి వెళ్ళి కూర్చోవడం, చుక్క చుక్క పోయడం, అరవడం. డాక్టర్ గారు మందులిచ్చి తగ్గించారు గానీ ఆ పది రోజులు నేను నిద్రపోలేదు. మళ్ళీ అక్కడికి పంపే ప్రసక్తే లేదు.

ఇప్పుడు రెండు దారులున్నాయి. తెనాలిలో మావయ్య వాళ్ళింట్లో వదలడం ఒకటి, పెద్ద ఇల్లు, పెరడు కూడా ఉంది. లేదా మా కింది అంతస్తులో ఉండే పిన్నిగారు రోజూ వచ్చి చూస్తానంటున్నారు. చాలా మంచావిడ, పిల్లి ఎదురొస్తే గుమ్మంలోకి వెనక్కి తిరిగే రకం కాదు. చిక్కల్లా కార్తీకంలో ఆవిడ నీచు ముట్టరు, తెల్లవారుజామున కృష్ణలో స్నానం, సాయంత్రం గుడిలో దీపం. పిల్లులకేమో చేప వాసన లేనిదే రోజు గడవదు. ఆ 12 రోజులు పెరుగన్నం పెడితే సరిపోదా అని అమ్మ అడుగుతోంది.

ఇలాంటి పిల్లులున్నవాళ్ళు మీరేం చేశారో చెప్పండి, ఇంకా మూడు వారాలు టైముంది.


లక్ష్మీపురం అక్క, గుంటూరు

అమ్మా, తెనాలి ఆలోచన ఇప్పుడే మానేయ్. మావయ్య ఇల్లు ఎంత పెద్దదైనా కాటుకకి అది ఊరు కాని ఊరు. పెరడున్న ఇల్లంటే ఇంకా భయం, బెదిరిన పిల్లి తలుపు సందు దొరికితే ఆగదు, కొత్త చోట బయటపడితే తిరిగొచ్చే దారి దానికి తెలియదు. కుక్కకి యజమాని ఉంటే చాలు. పిల్లికి ఇల్లు కావాలి. అది బుగ్గలు రుద్దిన గోడ అంచు, గోళ్ళు గీకిన సోఫా, నీ చెప్పుల స్టాండు, ఇవన్నీ దాని వాసన పట్టి ఉంటాయి, ఆ వాసనే దాని ధైర్యం. కాబట్టి పిల్లులు ఇంట్లోనే ఉండాలి, మనిషే ఇంటికి రావాలి. పిన్నిగారు చూస్తానన్నారు అంటే నీకు సగం పని అయిపోయినట్టే.

మిగతా సగం ఈ మూడు వారాల్లో చేయాలి. మాకు మూడు పిల్లులు, అందులో ఒకటి నీ కాటుకలాంటిదే, ఆరేళ్ళుగా మా ఆడపడుచుకి దాని తోక తప్ప ఏమీ కనపడలేదు. రెండేళ్ళ క్రితం మేం 10 రోజులు బెంగళూరు వెళ్ళాల్సి వచ్చినప్పుడు మా ఇంట్లో పనిచేసే అమ్మాయికి అప్పజెప్పాం. అంతకు ముందు పది రోజులు సాయంత్రం పని అయ్యాక ఒక అరగంట అదనంగా ఉండమన్నాను, దానికి డబ్బులు వేరే ఇచ్చాను. చేయాల్సింది ఏమీ లేదు, ఫ్రిజ్ పక్కన నేల మీద కూర్చుని గోంగూర ఆకు తుంచుకోవడమే. పిల్లిని పిలవొద్దు, చూడొద్దు, చెయ్యి చాచొద్దు అని గట్టిగా చెప్పాను. మొదటి మూడు రోజులు దాని జాడే లేదు. నాలుగో రోజు సోఫా కింద నుంచి రెండు కళ్ళు. ఆరో రోజు గోంగూర కాడల గుట్ట దగ్గరికి వచ్చి ఒక కాడ వాసన చూసి, దాన్ని కాలితో లాక్కుని పోయింది. ఆ అమ్మాయి తల కూడా ఎత్తలేదు, పని చేసుకుంటూనే ఉంది. అప్పుడు నాకు ధైర్యం వచ్చింది. మేం లేనప్పుడు ఎప్పటిలాగే తినింది.

ఇందులో ఉన్నదేమిటంటే, పిన్నిగారు కాటుకకి స్నేహితురాలు కానక్కర్లేదు. రోజూ అదే టైముకి వచ్చి వెళ్ళే మనిషిగా తెలిస్తే చాలు. అందరూ పొరపాటు చేసేది ఇక్కడే, పాపం పిల్లి ఒంటరిగా ఉందని బుజ్జగించడానికి బీరువా వెనక చెయ్యి పెడతారు, ఆ ఒక్క పనితో పది రోజుల శ్రమ మట్టిగొట్టుకుపోతుంది. బీరువా వెనక ఉంటే ఉండనివ్వండి, అది దాని చోటు.

మీరు వెళ్ళే ముందు ఇల్లు కడగొద్దు. మన అలవాటు తెలుసుగా, ఊరెళ్తున్నామంటే ఇల్లంతా ఫినాయిల్‌తో తుడిచి దుప్పట్లన్నీ ఉతికి పెడతాం. ఈసారి నీ దిండు గలీబు, అమ్మ కట్టి విడిచిన నేత చీర ఒకటి ఉతక్కుండా వదిలెయ్యి. చీరని ఒక అట్టపెట్టెలో పరిచి, పెట్టెని పక్కకి తిప్పి బీరువా దగ్గర పెట్టు, దాక్కోవడానికి ఇంకో చోటు ఉంటుంది.


భవానీపురం నుంచి

బోర్డింగ్‌లన్నీ ఒకేలా ఉండవండీ. మా పిల్లి వేసవిలో వారం ఉంది, హాయిగా తిని ఒళ్ళు చేసి వచ్చింది. కుక్కలు లేని చోటు, పిల్లులకి విడిగా గది ఉన్న చోటు చూసుకోవాలి, టీకా కార్డు అడగని చోట అసలు పెట్టకూడదు. కాకపోతే మాది వచ్చినవాళ్ళ ఒళ్ళో ఎక్కే రకం, మీ కాటుకకి నేనూ ఇల్లే అంటాను.


గన్నవరం విద్యార్థి

నేను గన్నవరం ఎన్టీఆర్ వెటర్నరీ కాలేజీలో చదువుతున్నాను, ఇంకా డాక్టర్ని కాదు, కాబట్టి మందుల విషయం మీ డాక్టర్ గారితోనే ఖాయం చేసుకోండి. కానీ మీ పోస్టులో రెండు మూడు విషయాలు చదివాక రాయకుండా ఉండలేకపోయాను.

బోర్డింగ్ నుంచి వచ్చిన వారానికి తుమ్ములు అన్నారు. చాలా పిల్లుల ఒంట్లో చిన్నప్పుడు సోకిన హెర్పిస్ వైరస్ నిద్రపోతూ ఉంటుంది, బాగా బెదిరినప్పుడు లేస్తుంది, లక్షణాలు బయటపడటానికి కొన్ని రోజులు పడుతుంది. కాటుకకి జరిగింది అదే అయి ఉండొచ్చు. బెల్లానికి వచ్చింది కూడా బెదురుతో ముడిపడిందే కావచ్చు, పిల్లుల్లో మనసు బాగాలేకపోతే మూత్రాశయం వాచడం చాలా మామూలు.

అందుకే పిన్నిగారికి నేర్పాల్సిన మొదటి పని తిండి పెట్టడం కాదు, ఇసుక చూడటం. గడ్డకట్టే ఇసుక వాడుతుంటే మూత్రం పోసిన చోట ఉండ కడుతుంది. రోజుకి ఎన్ని ఉండలు, ఎంత సైజు అన్నది మీరిప్పుడే వారం రోజులు లెక్కపెట్టి రాసుకోండి, మీ పిల్లులకి మామూలు ఎంతో తెలుస్తుంది. మగపిల్లి డబ్బాలో మాటిమాటికీ కూర్చుని ముక్కుతూ, అరుస్తూ, ఉండ మాత్రం కట్టడం లేదంటే మూత్రనాళం మూసుకుపోయిందనే అనుకోవాలి. మగవాటికి ఆ నాళం సన్నం. అది రేపు చూద్దాం అనే జబ్బు కాదు, ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోతుంది, అర్ధరాత్రయినా తీసుకెళ్ళాల్సిందే. చాలామంది దాన్ని మలబద్ధకం అనుకుని ఒక రోజు పోగొట్టుకుంటారు. బెల్లానికి ఒకసారి వచ్చింది కాబట్టి ఇది ఫ్రిజ్ మీద పెద్ద అక్షరాలతో రాసి అంటించండి.

రెండోది తినకపోవడం. పిల్లి, అందులోనూ లావు పిల్లి, రెండు మూడు రోజులు ఏమీ తినకపోతే ఒంట్లో కొవ్వంతా కాలేయానికి చేరి కాలేయం దెబ్బతింటుంది. మనుషుల్లా లంఖణం పరమౌషధం వీటికి పనికిరాదు. మొదటి రోజు తినకపోతే కంగారు వద్దు, గమనించండి. రెండో రోజు కూడా గిన్నె కదలకపోతే డాక్టర్‌కి ఫోన్ చేయాలి.

పెరుగన్నం వద్దండీ. పిల్లి పూర్తి మాంసాహారి, టారిన్ అనే పదార్థం దానికి మాంసం నుంచే రావాలి, అది లేకపోతే నెలల మీద కళ్ళూ గుండే దెబ్బతింటాయి. 12 రోజుల్లో అంత ముంచుకురాదు గానీ, ఉన్నట్టుండి తిండి మారిస్తే బెదురు పిల్లి అసలు తినదు, అసలు ప్రమాదం అది. పాలు కూడా వద్దు, పెద్ద పిల్లుల్లో చాలావాటికి విరేచనాలవుతాయి.

ఫినాయిల్ గురించి అక్క వాసన కోసం చెప్పారు, దానికి ఇంకో కారణం కూడా ఉంది. ఫినాల్ జాతి రసాయనాలని పిల్లి కాలేయం విరగ్గొట్టలేదు, తడి నేల మీద నడిచి పాదాలు నాక్కుంటే ఒంట్లోకి పోతుంది. బీరువాలో, సింకుల్లో వేసే కలరా ఉండలు కూడా పిల్లులకి విషమే, కాటుక దాక్కునేదే బీరువా వెనక కాబట్టి వెతికి తీసేయండి. అన్నిటికంటే ముఖ్యం, పిల్లి నలతగా ఉందని ఎవరూ పారాసిటమాల్ వేయకూడదు. డోలో, క్రోసిన్ ఏదైనా అదే మందు, ఒక్క మాత్ర పిల్లి ప్రాణం తీస్తుంది. మంచి మనసుతోనే వేసి చంపుకున్నవాళ్ళున్నారు.


పటమట పిల్లులు

అందరికీ చేతులెత్తి దండం. తెనాలి రద్దు. కలరా ఉండలు వెతికితే ఏడు దొరికాయి, మూడు సరిగ్గా బీరువా కిందే ఉన్నాయి, చూసి ఒళ్ళు జలదరించింది. ఈ సాయంత్రం నుంచే పిన్నిగారిని వచ్చి కూర్చోమన్నాను, వత్తులు చేసుకుంటూ కూర్చుంటానన్నారు, కార్తీకానికి ఆవిడకి ఎలాగూ బోలెడు వత్తులు కావాలి.

నీచు సంగతే తేలలేదు. ఆవిణ్ణి ఇబ్బంది పెట్టడం నాకిష్టం లేదు, మడి విషయంలో ఆవిడ పట్టింపు ఆవిడది.


కానూరు, ఇళ్ళకెళ్ళి పిల్లుల్ని చూసేవాణ్ణి

నేను నాలుగేళ్ళుగా ఈ పని చేస్తున్నాను, పటమట, కానూరు, పోరంకి వైపు. కార్తీకం చిక్కు నాకు ప్రతి ఏడూ వచ్చేదే. గింజల్లా ఉండే పొడి తిండి రోజుకొకటి చొప్పున చిన్న డబ్బాల్లో కొలిచి, మూత మీద తేదీ రాసి పెట్టండి. పెద్దావిడ మూత తీసి గిన్నెలో వంచితే చాలు, చెయ్యి తగలదు. ఇప్పుడు చేప పెడుతుంటే దాన్ని రోజూ కొంచెం తగ్గిస్తూ పొడి తిండి పెంచుతూ ఒక వారం పది రోజుల్లో మార్చండి, ఒక్కసారి మానేయొద్దు. బెల్లానికి మూత్రం తేడా వచ్చింది కాబట్టి వాడికి మాత్రం ఒంట్లోకి నీళ్ళు పోయేలా రోజుకొక తడి తిండి ప్యాకెట్ ఉంటేనే మంచిది. దానికి ఆ ఇంట్లో నీచు పట్టింపు లేని పిల్లలెవరైనా ఉన్నారేమో చూడండి, చింపి పళ్ళెంలో వేసి, గంటాగి పళ్ళెం కడిగే పని, పదిహేనేళ్ళ కుర్రాడు చేస్తాడు. నీళ్ళ గిన్నెలు మూడు నాలుగు చోట్ల పెట్టండి, తిండి గిన్నె పక్కన కాకుండా.

నేను వెళ్ళే ఇళ్ళల్లో నాకు ఎదురైనవి చెబుతాను. ఎక్కువ ప్రమాదం గుమ్మం దగ్గరే. తలుపు తీసేటప్పుడు ముందు రెండు వేళ్ళ సందు తీసి కిందికి చూడాలి, తర్వాత పక్కగా ఒళ్ళు దూర్చి వెంటనే వెనక్కి మూసేయాలి. చేతిలో సంచులుంటే బయటే పెట్టి ముందు మనిషి లోపలికి వెళ్ళాలి. పిన్నిగారితో ఇది నాలుగుసార్లు చేయించండి. లోపల గదుల తలుపులకి ఇటుకో చెక్కముక్కో అడ్డం పెట్టండి, గాలికి తలుపు పడి పిల్లి బాత్‌రూమ్‌లో ఇరుక్కుని, తిండీ నీళ్ళూ ఇవతల ఉండిపోయిన ఇల్లు నేను చూశాను. అదృష్టం కొద్దీ మర్నాడు పొద్దున్నే వెళ్ళాను కాబట్టి సరిపోయింది. వాషింగ్ మెషీన్ మూత మూసి ఉందో లేదో చూడటం మర్చిపోవద్దు.

వెళ్ళగానే రెండు పిల్లులూ ఉన్నాయని కంటితో చూడాలి. ముట్టక్కర్లేదు, బీరువా వెనక టార్చ్ గోడ వైపు తిప్పి వెలుతురు పడేలా చేస్తే పిల్లి కనిపిస్తుంది, నేరుగా మొహం మీద వేయొద్దు. ఒకవేళ అది మన కళ్ళల్లోకి చూస్తే మనం నెమ్మదిగా రెప్ప వాల్చి తెరిచి చూపు తిప్పేసుకోవాలి, నీతో గొడవ లేదని దానికి తెలుస్తుంది. ఇది నేను చాలా ఇళ్ళల్లో చూశాను, తిరిగి అవీ రెప్ప వాలుస్తాయి.

రోజుకొకసారి వచ్చి వెళ్తే చాలు అనేవాళ్ళున్నారు, నేనొప్పుకోను. రెండు పూటలా రావాలి. మూత్రం ఆగిపోయిన పిల్లికి ఇరవై నాలుగు గంటలు చాలా ఎక్కువ. కెమెరా పెట్టుకోండి, కానీ కెమెరా ఉందని మనిషిని తగ్గించొద్దు, కరెంటు పోతే వైఫై పోతుంది, మీరక్కడ గంగ ఒడ్డున ఫోన్ పట్టుకుని కూర్చోవాల్సి వస్తుంది.

ఇంకొకటి. నాగుల చవితికి మీరు రైల్లో ఉంటారు. మన వైపు దీపావళికి మిగిల్చిన టపాసులన్నీ ఆరోజే కాలుస్తారు. ఆ సాయంత్రం చీకటి పడకముందే వచ్చి కిటికీలు మూసి, కర్టెన్లు వేసి, ఫ్యాన్ పెట్టి, టీవీలో ఏదో ఒకటి సన్నగా మోగేలా వదిలి వెళ్ళమనండి.


గన్నవరం విద్యార్థి

పైన చెప్పిన చవితి విషయానికి కలుపుతున్నాను. ఫెలివే అని గోడ ప్లగ్గుకి పెట్టేది దొరుకుతుంది, పిల్లి బుగ్గలు రుద్దినప్పుడు వదిలే వాసనలాంటిది తయారుచేసి అందులో పెడతారు, ఒక సీసా దాదాపు నెల వస్తుంది. అన్ని పిల్లుల మీదా ఒకేలా పనిచేయదు, కానీ హాని లేదు. పెట్టాలనుకుంటే దీపావళికి ముందే పెట్టండి. మరీ బెదిరే పిల్లులకి డాక్టర్లు గాబాపెంటిన్ అనే మందు రాస్తారు, బెదిరే సమయానికి రెండు గంటల ముందు ఇస్తారు. బెజవాడలోనే మీ డాక్టర్ గారిని అడిగి, ఆయన మోతాదు రాస్తే, మీరుండగానే ఒకసారి ఇచ్చి చూడండి. మీరు లేనప్పుడు మొదటిసారి ఇవ్వొద్దు, మత్తుగా తూలుతుంటే పెద్దావిడ హడలిపోతారు.


సింగ్ నగర్ నుంచి

ఇక్కడందరూ తిండీ ఇసుకా చెప్పారు, నేను బుట్ట గురించి చెప్పాలి.

2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగినప్పుడు మా వీధిలో పొద్దున మోకాలి లోతు, మధ్యాహ్నానికి నడుం దాటింది. మాది కింది ఇల్లు. మా పిల్లిని పట్టుకోవడానికి ముప్పావుగంట పట్టింది, అది వంటింటి అటక మీద అల్యూమినియం డేగిసాల వెనక దూరింది. పిల్లిని పెట్టుకెళ్ళే బుట్ట ఉంది, కానీ అది ఏడాదికొకసారి టీకాకి తప్ప కిందికి దించేవాళ్ళం కాదు, బుట్ట కనిపిస్తేనే దానికి గుండె ఆగేది. చివరికి మా ఆవిడ దిండు గలీబు తెచ్చి దాని మీద వేసి, మూటలా పట్టుకుని మేడ మీదికి ఎక్కించింది. నా రెండు చేతులూ చీరుకుపోయాయి. పైన మూడు రోజులున్నాం.

నీళ్ళు తీసి ఇల్లు కడుక్కున్నాక మొదట చేసిన పని, ఆ బుట్ట తలుపు ఊడదీసి హాల్లో ఒక మూల పెట్టడం. రోజూ అందులోనే ఒక ముద్ద పెట్టేవాళ్ళం. నెల తిరిగేసరికి మధ్యాహ్నం నిద్ర అందులోనే. ఇప్పుడు తలుపు మళ్ళీ బిగించాం, మూసినా అరవదు.

మీకు మూడు వారాలుంది కదా, రెండు పిల్లులకీ రెండు బుట్టలు ఇవాళే కింద పెట్టండి. మీరు కాశీలో ఉన్నప్పుడు అర్ధరాత్రి బెల్లాన్ని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాల్సొస్తే పెద్దావిడ బుట్టలో పెట్టలేకపోతే మిగతా ఏర్పాట్లన్నీ దేనికి? ఆవిడ ఒక్కరే కాకుండా, అర్ధరాత్రి ఫోన్ చేస్తే బండి తీసుకొచ్చే ఇంకో మనిషి పేరు కూడా రాసి పెట్టండి. డాక్టర్‌కి ముందే చెప్పి ఉంచండి, నేను లేనప్పుడు వీళ్ళు తెస్తే వైద్యం చేయండి, డబ్బు నేను ఫోన్‌లో పంపుతాను అని ఒక కాగితం మీద సంతకం పెట్టి పిన్నిగారి దగ్గర ఉంచండి. ఆ సమయంలో మీ ఫోన్ కలవకపోతే ఆవిడ ఏం నిర్ణయం తీసుకుంటారు పాపం?


లక్ష్మీపురం అక్క, గుంటూరు

తమ్ముడూ, నువ్వు రాసింది చదివి ఇప్పుడే అటక మీద నుంచి మా బుట్టలు దించాను.


పటమట పిల్లులు

నిన్న కార్తీక పౌర్ణమి నాడు పొద్దున్నే దిగాం. అడిగిన దగ్గర్నుంచి వదలకుండా చెప్పారు కదా, ఎలా జరిగిందో రాయాలి.

మేం వెళ్ళే ముందు పిన్నిగారు 17 సాయంత్రాలు వచ్చి కూర్చున్నారు. కాటుక 11వ రోజుకి గానీ బీరువా వదిలి రాలేదు, వచ్చిన రోజు కూడా వత్తుల పళ్ళేనికి మూరెడు దూరంలో కూర్చుని పత్తి కేసే చూసింది, ఆవిడ మొహం చూడలేదు. ఆవిడ తొడ మీద పత్తి పెట్టి అరచేత్తో నెమ్మదిగా నులుముతుంటే ఆ చెయ్యి ఎటు పోతే దాని తల అటు తిరిగేది. అంతకు మించి ఏమీ జరగలేదు, మేం కూడా ఆశించలేదు. తడి తిండి ప్యాకెట్ పని ఆవిడ మనవడు ఒప్పుకున్నాడు, ఇంటర్ చదువుతున్నాడు, ఇసుక ఉండలు లెక్కపెట్టి నోట్‌బుక్‌లో రాసింది కూడా వాడే.

ఆ నోట్‌బుక్ ఇప్పుడు నా ముందుంది. చవితి రోజు పేజీలో "కాటుక కనిపించింది, తినలేదు. బాంబులు ఎక్కువ" అని ఉంది. మర్నాడు పొద్దున "గిన్నె అలాగే ఉంది. ఉండలు 2, రెండూ పెద్దవి, బెల్లానివి అనుకుంటా" అని. మనవడు అది ఫోన్‌లో చదివి చెప్పినప్పుడు నేను కాశీలో సత్రం మెట్ల మీద కూర్చుండిపోయాను. డాక్టర్ గారికి ఫోన్ చేశాను, రాత్రి వరకు చూడండి, అప్పటికీ తినకపోతే రేపు పొద్దున తీసుకురమ్మనండి అన్నారు. గాబాపెంటిన్ మేం ఇవ్వలేదు, ఇంట్లో ఒకసారి ఇచ్చి చూస్తే కాటుక బాగా తూలింది, పిన్నిగారు భయపడతారని వద్దనుకున్నాం. ఇప్పుడనిపిస్తోంది, చవితి ఒక్కరోజు కోసం ఇంకాస్త తక్కువ మోతాదు అడగాల్సిందేమో, వచ్చే ఏడాది అడుగుతాను.

ఆ సాయంత్రం పిన్నిగారు ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చున్నారు, గిన్నెని మాత్రం బీరువా సందు మొదట్లోకి జరిపి పెట్టారు. అది ఎవరూ చెప్పలేదు, ఆవిడకే తోచింది. రాత్రి 2 గంటల 40 నిమిషాలకి కెమెరాలో కాటుక ముందు కాళ్ళు రెండే బయటపెట్టి తిన్నది. నేను అమ్మని లేపి చూపించాను. మూడో రోజు నుంచి గిన్నె మళ్ళీ పాత చోటికి వెళ్ళింది.

బెల్లానికి ఏ ఇబ్బందీ రాలేదు, రోజూ ఉండలు సరిగ్గానే ఉన్నాయి. బుట్ట అవసరం పడలేదు గానీ బెల్లం రోజూ అందులోనే పడుకుంటున్నాడని మనవడు ఫొటో పంపాడు. గాలికి వంటింటి తలుపు ఒకసారి పడబోతే చెక్కముక్కే ఆపిందట.

పిన్నిగారికి గంగాజలం చెంబు, అన్నపూర్ణమ్మ కుంకుమ, ఒక చీర ఇచ్చాం, మనవడికి డబ్బులిస్తే వద్దన్నాడు, జేబులో పెట్టి పంపాను. తాళం చెవి తీసుకోబోతే ఆవిడ కొంగుకి కట్టుకున్న ముడి విప్పలేదు. "ఉండనీ అమ్మా, సంక్రాంతికి మీరు మళ్ళీ వెళ్తారుగా. ఈలోపు నేను రోజూ కాసేపు వచ్చి కూర్చుంటుంటే దానికి అలవాటు తప్పదు" అన్నారు.